ఏం నేర్పాలి, ఎవరికోసం నేర్పాలి: ఆటిజం చుట్టూ ఒక వాదం



పక్క హాల్లో డ్యాన్సు పోటీలు జరుగుతుంటే, ఎదురుగా పెళ్ళిసంబంధాల వేదిక నిండిపోయి ఉంటే, వాటిని వదిలి ఆటిజం మీద మాట వినడానికి ఇటు వచ్చిన మీకు ముందుగా కృతజ్ఞతలు. నేను డాక్టర్ని కాదు, థెరపిస్టునీ కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ణి. మస్కట్‌కి పడమట సీబ్ ప్రాంతంలో మబేలా అనే ఊళ్ళో ఉంటాం. ఒక పక్క ఇండస్ట్రియల్ ఏరియా, ఇంకో పక్క విల్లాలు, మధ్యలో అద్దె కాస్త తక్కువని చేరిన మనలాంటి కుటుంబాలు. మావాడికి పదహారేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు చాలా తక్కువ. మీ ముందు నిలబడడానికి నాకున్న అర్హత అంతే.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు కలిస్తే పేర్లకన్నా ముందు వచ్చే ప్రశ్న, 'ఏబీఏ చేయిస్తున్నారా?' అని. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇన్సూరెన్స్ ఎన్ని గంటలు ఇచ్చిందో చెబుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళం జీతంలో ఎంత పోతోందో చెప్పుకుంటాం. ఇదిలా ఉండగా, ఆటిజంతో పుట్టి పెరిగి పెద్దవాళ్ళైనవారు కొందరు, 'ఆ శిక్షణ మాకు మేలు చెయ్యలేదు, మమ్మల్ని గాయపరిచింది, మీ పిల్లలకు చేయించకండి' అంటున్నారు. ఇద్దరిలో ఎవరిమాట వినాలి? ఈ గంటలో నేను మాట్లాడేది దీని గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, మధ్యలో భోజనాలకు లేచేవాళ్ళకు పనికొస్తుంది. చిన్న చిన్న మెట్లుగా నేర్పడం పనిచేస్తుందా లేదా అన్నది అసలు తగాదా కాదు. ఏం నేర్పాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరి సౌకర్యం కోసం నిర్ణయిస్తున్నారు అన్నదే తగాదా.

ఏబీఏ అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. ప్రవర్తన విశ్లేషణ అనుకుందాం. మూలసూత్రం బి.ఎఫ్. స్కిన్నర్ నాటిది. ఏ పని తర్వాత మనకు నచ్చినది దొరుకుతుందో ఆ పని మళ్ళీ చేస్తాం. కాబట్టి పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టు మెట్టుకీ మెచ్చుకోలో, చిన్న బిస్కెట్ ముక్కో ఇస్తూ, ఎన్నిసార్లు సరిగ్గా వచ్చిందో కాగితం మీద రాసుకుంటూ నేర్పుతారు. చొక్కా గుండీ పెట్టుకోవడం మనకు ఒక పని, వాళ్ళకు పది పనులు. మా వృత్తివాళ్ళకు ఇది వినగానే నచ్చుతుంది. కొలవొచ్చు, గ్రాఫు గీయొచ్చు.

ఆటిజంలో దీనికి ఇంత పేరు 1987లో వచ్చింది. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐవార్ లోవాస్ 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున, రెండేళ్ళకు పైగా శిక్షణ ఇచ్చి, వాళ్ళలో తొమ్మిదిమంది మామూలు ఒకటో తరగతిలో చేరారనీ, వాళ్ళ ఐక్యూ కూడా మామూలు స్థాయికి వచ్చిందనీ ప్రచురించారు. 47 శాతం, 40 గంటలు. ఈ రెండు అంకెలూ ప్రపంచమంతా తిరిగాయి. మబేలా దాకా వచ్చాయి. వాటితోపాటు రానివి రెండు ఉన్నాయి. ఒకటి, ఏ పిల్లవాడికి ఏ శిక్షణ అన్నది అక్కడ చీటీలు వేసినట్టుగా నిర్ణయించలేదు, కాబట్టి పోలికకు బలం తక్కువ. రెండోది, ఆ శిక్షణలో గట్టిగా 'నో' అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా ఉన్నాయి. అంతకు ముందు, 1965లోనే లైఫ్ పత్రిక లోవాస్ పని మీద ఫోటోలతో ఒక కథనం వేసింది. దాని శీర్షిక అరుపులు, చెంపదెబ్బలు, ప్రేమ అని. వాళ్ళు దాన్ని మెచ్చుకోలుగానే వేశారు.

రెండో పక్షం మాట మొదట గట్టిగా వినిపించింది కూడా ఇలాంటి మహాసభలోనే. 1993లో టొరంటోలో జరిగిన ఆటిజం సభలో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి మాట్లాడుతూ, మాకోసం శోకించకండి అని చెప్పారు. మీరు ఎదురుచూసిన బిడ్డ రాలేదని మీకు బాధ ఉండవచ్చు, కానీ వచ్చిన బిడ్డ మీ ఎదుటే ఉన్నాడు, ఆ ఏడుపు వాడి మీద పెట్టకండి అన్నది సారాంశం. 1998లో న్యూరోడైవర్సిటీ అనే మాట అచ్చులో కనిపించింది. సిడ్నీలో జూడీ సింగర్ తన పరిశోధన వ్యాసంలో వాడారు, అదే ఏడాది అమెరికాలో హార్వీ బ్లూమ్ ది అట్లాంటిక్ పత్రికలో రాశారు. అడవిలో అన్నీ టేకుచెట్లే ఉండనట్టు మనుషుల మెదళ్ళూ ఒకేలా ఉండవు, తేడాని రోగం అనకండి అన్నది అందులోని భావం. టేకు పోలిక నాదే లెండి.

2004లో ఇది కెనడా సుప్రీంకోర్టుకు ఎక్కింది. ప్రభుత్వం తమ పిల్లలకు ఏబీఏ ఖర్చు భరించాలని బ్రిటిష్ కొలంబియాలో కొందరు తల్లిదండ్రులు వేసిన కేసు అది. తపాలా బట్వాడా చేసే ఉద్యోగం చేసిన మిషెల్ డాసన్ అనే ఆటిస్టిక్ మహిళ ఆ కేసులో కలగజేసుకుని, ఆటిజం ఉన్నవాళ్ళను అడగకుండానే ఆటిజం గురించి తీర్పులా అని నిలదీశారు. తల్లిదండ్రులు ఓడిపోయారు. అయితే కోర్టు ఏబీఏ మంచిచెడ్డలు తేల్చలేదు, చట్టంలో ఆ ఖర్చుకు చోటు లేదంది అంతే. ఇప్పటికీ రెండు పక్షాలవాళ్ళూ ఆ తీర్పును తమకు అనుకూలంగానో ప్రతికూలంగానో చెబుతుంటారు.

ఇక మా ఇంటి సంగతి. మావాడికి నాలుగున్నరేళ్ళప్పుడు ఒక థెరపీ సెంటర్‌లో చేర్చాం. పేరు అనవసరం. నెలాఖరున గ్రాఫులు చూపించారు. అందులో ఒకటి చాలా అందంగా కిందికి దిగుతోంది. ఏమిటండీ ఇది అంటే, చేతులు ఊపడం అన్నారు. మావాడికి సంతోషం వస్తే రెండు చేతులూ పక్షి రెక్కల్లా ఆడిస్తాడు. బకెట్లో నీళ్ళు పడుతుంటే ఆడిస్తాడు, నేను ఆఫీసునుంచి వస్తే ఆడిస్తాడు. ఆ సెంటర్‌లో 'క్వయెట్ హ్యాండ్స్' అని చేతులు పట్టి బల్ల మీద పెట్టిస్తున్నారు. అది మాకు చెప్పి పెట్టిన లక్ష్యం కాదు. అదే నెలలో వాడు చొక్కా కాలర్ నమలడం మొదలుపెట్టాడు, ఆ గ్రాఫు మాత్రం ఎవరూ గీయలేదు. మా ఆవిడ ఒకటే అడిగింది: 'వాడు చేతులు ఊపితే ఎవరికి నష్టం?' నలుగురిలో బాగుండదని జవాబు వచ్చింది. ఆ లక్ష్యాన్ని ఆ రోజే కొట్టించేశాం.

ఇప్పుడు రెండో గ్రాఫు చెబుతాను. అదే ఏడాది, అదే పద్ధతి. మావాడు గేటు తీసుంటే చాలు పరుగెత్తేవాడు. ఇండస్ట్రియల్ ఏరియా పికప్పులు మా సందు గుండానే పోతాయి. వాన పడితే వాదీలు ఎలా పొంగుతాయో ఒమాన్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. 'ఆగు' అంటే ఆగడం నేర్పాలి. ముందు హాల్లో రెండడుగులకు ఆగడం, ఆగితే వాడికి ఇష్టమైన ఖర్జూరం ముక్క. తర్వాత పెరట్లో, తర్వాత గేటు దగ్గర, తర్వాత సందులో, ఆఖర్న హైపర్‌మార్కెట్ పార్కింగ్‌లో. మూడు నెలలు పట్టింది. నేను పిలిచినా, వాళ్ళమ్మ పిలిచినా, కేరళ నుంచి వచ్చిన పక్కింటాయన పిలిచినా ఆగుతాడు. ఏబీఏ మొత్తం హింస అని ఎవరైనా అంటే నాకు ఆ పార్కింగ్ గుర్తొస్తుంది. మొదటి గ్రాఫు చూసేవాళ్ళ కళ్ళకోసం. రెండోది మావాడి ప్రాణంకోసం.

ప్రవర్తన విశ్లేషణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఎక్కువమంది చెప్పనిది. పిల్లవాడు తల బాదుకుంటుంటే, కొరుకుతుంటే, ముందు ఆపించకు, ఎందుకు చేస్తున్నాడో కనుక్కో అని 1982లో బ్రయాన్ ఇవాటా బృందం ఒక పద్ధతి చూపించింది. 1985లో కార్, డ్యూరండ్ అనేవాళ్ళు ఇంకో అడుగు వేసి, ఆ చేష్టతో వాడు ఏం అడుగుతున్నాడో అదే అడగడానికి వేరే దారి నేర్పితే చేష్ట తగ్గుతుందని చూపించారు. మా ఇంట్లో ఇది ఇలా పనికొచ్చింది. పొద్దున్నే మా అత్తగారు మిక్సీలో కొబ్బరి చట్నీ వేస్తే వీడు గోడకు తల కొట్టుకునేవాడు. మొండితనం అన్నారు కొందరు, దిష్టి అన్నారు ఇంకొందరు. వారం రోజులు రాసి చూస్తే, మిక్సీ ఆడిన రోజే తల కొట్టుకుంటున్నాడు, కుక్కర్ విజిల్‌కి కూడా లేదు. 'ఆపు' అని ఒక బొమ్మకార్డు చేసి ఇచ్చాం. కార్డు చూపిస్తే మిక్సీ ఆగుతుంది. మొదటి వారం మా ఇంట్లో చట్నీ లేదు. తర్వాత వాడే కార్డు చూపించి, పడగ్గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకోవడం నేర్చుకున్నాడు. అత్తగారి చట్నీ తిరిగొచ్చింది.

ఇందులో ఏ పక్షం గెలిచింది? కార్డు ఏబీఏది. మిక్సీ చప్పుడు వాడికి నిజంగానే నొప్పి, వాడి మాట మనం వినాలి అన్నది న్యూరోడైవర్సిటీ వాళ్ళది.

ఏబీఏ వాళ్ళ చరిత్రలో సిగ్గుపడవలసినవి చాలానే ఉన్నాయి. మసాచుసెట్స్‌లో జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ అనే సంస్థ ఉంది. స్కిన్నర్ శిష్యుడు మాథ్యూ ఇజ్రాయెల్ 1971లో మొదలుపెట్టారు. అక్కడ ఆటిజం ఉన్నవాళ్ళకు వంటికి తగిలించిన యంత్రంతో కరెంటు షాకు ఇచ్చేవారు. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో నిషేధిస్తే 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2022 చివర్లో కాంగ్రెస్ చట్టం మార్చి ఎఫ్‌డీఏకు ఆ అధికారం ఇచ్చింది. ప్రవర్తన విశ్లేషకుల పెద్ద సంఘం ఆ షాకును వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది కూడా 2022లోనే. సంస్థ పుట్టిన యాభై ఏళ్ళకి. బయటనుంచి ఆటిస్టిక్ కార్యకర్తలు అరవకపోతే ఆ మాట వచ్చేదా అని నాకు అనుమానమే. అదే 2022లో అమలుకు వచ్చిన వాళ్ళ నీతి నియమావళిలో, శిక్షణ పొందుతున్న వ్యక్తి సమ్మతి కూడా చూడాలని చేరింది. మాటలు రాని పిల్లవాడి సమ్మతి ఎలా చూస్తారు అంటారా? లేచి వెళ్ళిపోతున్నాడా, మొహం తిప్పుకుంటున్నాడా, తలుపు దగ్గరే ఏడుస్తున్నాడా. తల్లులకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

న్యూరోడైవర్సిటీ వాళ్ళతో నాకున్న పేచీ ఇంకొకటి. వేదికలెక్కి మాట్లాడేవాళ్ళు మాట్లాడగలిగినవాళ్ళు. మావాడికి స్నానం చేయించాలి, రోడ్డు దాటించాలి, పంటినొప్పి వస్తే ఎక్కడో మనమే కనిపెట్టాలి. 2021లో లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ ఇలాంటివాళ్ళకోసం ప్రొఫౌండ్ ఆటిజం అని వేరే మాట వాడమంది. మాటలు లేకపోవడమో, బాగా తక్కువ ఐక్యూనో ఉండి, రోజంతా పెద్దవాళ్ళ తోడు కావలసినవాళ్ళు. ఆ మాట కూడదని, అది మనుషుల్ని మళ్ళీ మెట్లు కడుతుందని చాలామంది ఆటిస్టిక్ వ్యక్తులు అన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ పేరు లేకపోతే బడ్జెట్టులో పద్దు ఉండదు. ఒమాన్‌నే చూడండి. 2011లో వచ్చిన మొదటి లెక్కలో పదివేలమంది పిల్లలకు 1.4 మందికి ఆటిజం అన్నారు. 2019లో వచ్చిన లెక్కలో పదివేలకు 20.35. ఎనిమిదేళ్ళలో పిల్లలు మారలేదు, వెతికే కళ్ళు పెరిగాయి. లెక్కలోకి రాని పిల్లవాడికి బడి ఎవరు కడతారు?

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన సంగతులు రెండు.

మొదటిది భాష. మబేలాలో మావాడి చెవిలో పడేవి: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, హిందీ, కొట్టువాడి దగ్గర అరబ్బీ, థెరపిస్టు గారి ఇంగ్లీషు. 'ఒకటే భాష మాట్లాడండి, తెలుగు మానేయండి' అని మాకు సలహా వచ్చింది. ఇక్కడున్నవాళ్ళలో ఎంతమందికి ఈ సలహా వచ్చిందో చేతులెత్తమంటే సగం హాలు ఎత్తేలా ఉంది. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలకు అందువల్ల అదనంగా మాట ఆలస్యం కావడం లేదని 2012లో మాంట్రియల్‌లో హాంబ్లీ, ఫాంబోన్ చేసిన పరిశోధన చెబుతోంది. మాకైతే పరిశోధన అక్కర్లేకుండానే తెలిసింది. సెంటర్‌లో 'టచ్ నోస్' అంటే పదికి తొమ్మిదిసార్లు ముక్కు ముట్టుకునేవాడు, నేర్చేసుకున్నాడని టిక్కు పెట్టారు. సెలవులకు కాకినాడ వెళితే వాళ్ళ అమ్మమ్మ 'ముక్కేదిరా కన్నా' అంటే బిక్కమొహం వేశాడు. మా పనిలో టికెట్ మూసేసి కస్టమర్ ఏడుస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నేర్చుకున్నది గది దాటి బయటికి రావాలి అని ఏబీఏ పుస్తకాలే చెబుతాయి. మన పిల్లలకు ఆ బయట అంటే తెలుగే.

రెండోది కళ్ళలోకి చూడడం. 'లుక్ ఎట్ మీ' అన్నది చాలా సెంటర్లలో మొట్టమొదటి పాఠం. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తే 'ఏమిట్రా ఆ చూపు' అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. మన సికింద్రాబాదులోనే, 1984లో మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అని పిలుస్తున్న జాతీయ సంస్థలో, మన దేశపు ఆటిజం కొలబద్ద తయారైంది. ఐఎస్ఏఏ అంటారు, 2009లో వచ్చింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 70 దాటితే ఆటిజం. అందులో మొట్టమొదటి అంశం కంటిచూపు కలపకపోవడమే. గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది, నేను కాదనను. గుర్తుపట్టడానికి వాడిన ప్రతి అంశాన్నీ సరిదిద్దాల్సిన తప్పుగా పట్టుకోవడం మాత్రం వేరే సంగతి. కళ్ళలోకి చూస్తే మాట వినపడదు, మాట వినాలంటే కళ్ళు తిప్పుకోవాలి అని పెద్దవాళ్ళైన ఆటిస్టిక్ వ్యక్తులు ఎంతోమంది చెప్పారు. మావాడు గోడ గడియారం వైపు చూస్తూ నేను చెప్పినదంతా వింటాడు.

అదే సంస్థనుంచి 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ ప్రవర్తన పద్ధతిలో బోధన మీద టీచర్లకోసం ఒక కరదీపిక తెచ్చారు. అందులో స్నానం, బట్టలు, డబ్బు, ఇంటిపని లాంటివే ఎక్కువ. కాలిఫోర్నియా నుంచి వచ్చిన 40 గంటలకన్నా మన ఇళ్ళకు అది దగ్గరని నాకు అనిపిస్తుంది. వారానికి నలభై గంటలు అంటే నేను ఆఫీసులో చేసే పని అంత. నాలుగేళ్ళ పిల్లవాడికి.

సర్టిఫికెట్ల సంగతి ఒక్క మాట, ముఖ్యంగా గల్ఫ్‌లోనూ, హైదరాబాద్, విజయవాడల్లోనూ ఉన్నవాళ్ళకు. అమెరికాలో ప్రవర్తన విశ్లేషకులకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు 2023 నుంచి కొత్త దరఖాస్తులను అమెరికా, కెనడాలతో పాటు మరి ఒకటి రెండు దేశాలకే పరిమితం చేసింది. కాబట్టి గోడమీద ఫ్రేము చూసి నమ్మకండి, ఏ సంస్థ ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది అని అడగండి. ఇండియాలో అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అంతకన్నా ముఖ్యం, లోపల కూర్చుని చూడనిస్తారా అని అడగండి. తలుపు వేసేసే చోట మేము చేర్చం. వారం వారం లక్ష్యాల కాగితం తెప్పించుకుని, ఒక్కో లక్ష్యం పక్కన 'ఇది వాడికా, మనకా' అని మా ఆవిడ పెన్సిల్‌తో రాస్తుంది. కొన్ని మనకే అయినా ఉంచుతాం. రాత్రి పదింటికి పడుకోవడం ఉంది, అది నూటికి నూరుపాళ్ళూ మాకోసమే.

చివరిగా ఒక విషయం. గల్ఫ్‌లో మేం ఉద్యోగం ఉన్నంతవరకే. తర్వాత ఇండియా. రెండేళ్ళలో మావాడికి 18 నిండుతాయి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ వాడికి గార్డియన్‌ని నియమించవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ఇంకో దారి చూపిస్తుంది. గార్డియన్ వాడి బదులు నిర్ణయించడం కాదు, వాడితో కలిసి నిర్ణయించాలి అంటుంది. కాలేజీ రోజుల్లో ఎవరైనా నాకు ఈ రెండు చట్టాలూ చదివి వినిపిస్తే తేడా ఏమిటో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. న్యూరోడైవర్సిటీ వాదమంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

కలిసి నిర్ణయించాలంటే వాడి జవాబు రావాలి కదా. అందుకని ఈ మధ్య ఫోటోలతో అడగడం మొదలుపెట్టాం. మబేలా ఇల్లు ఒక ఫోటో, కాకినాడ ఇల్లు ఒక ఫోటో, ఏ ఇల్లు కావాలి? పద్ధతి పాతదే, మెట్లు మెట్లుగా, రెండే బొమ్మలతో మొదలుపెట్టి. తేడా ఏమిటంటే ఇక్కడ సరైన జవాబు అంటూ లేదు కాబట్టి మార్కులు వేయడం కుదరదు. ఇప్పటికి నాలుగుసార్లు అడిగాం. మూడుసార్లు రెండు ఫోటోలూ పక్కకు తోసేసి సముద్రం బొమ్మ తీసుకున్నాడు. ఒకసారి మిక్సీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు, అంటే ఇక ఆపమని. ఆపాం. వచ్చేవారం మళ్ళీ అడుగుతాం.

ప్రశ్నలుంటే అడగండి. తలుపు దగ్గర ఎర్రచొక్కా వేసుకుని, రెండు చేతులూ ఊపుతూ నిలబడినవాడు మావాడే. లెక్చరు అయిపోవస్తోందని వాడికి తెలిసినట్టుంది. సెలవు.